శిక్షణ సంస్థతో కలిసి ఊళ్లో సెమినార్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, లెక్క ముందే తేల్చుకుంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నరసరావుపేటలో టాక్స్ ప్రాక్టీషనర్లు, అకౌంటెంట్లు నలభై మంది దాకా కలిసి చిన్న సంఘంగా ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఒక శిక్షణ సంస్థ వాళ్లు ఫోన్ చేసి, కొత్త ఆదాయపన్ను చట్టం మీద, జీఎస్టీ మార్పుల మీద మీ ఊళ్లోనే ఒక రోజు సెమినార్ పెడదామన్నారు. స్పీకరు, మెటీరియల్ వాళ్లవి. హాలు, భోజనాలు, జనం మీవి. మనిషికి 2,000 రూపాయలు, పైన జీఎస్టీ. వసూలంతా వాళ్ల లింకు ద్వారానే. అందులో మీ సంఘానికి 20 శాతం. కనీసం 60 మందికి మీరు గ్యారంటీ ఇవ్వాలి. ఒప్పుకోవచ్చా అని అడిగారు.

సెమినార్ పెట్టండి, ఈ షరతుల మీద మాత్రం వద్దు. డబ్బు మీ సంఘం ఖాతాలో పడాలి, మనుషుల సంఖ్యకు గ్యారంటీ ఇవ్వకూడదు, ఫోన్ నంబర్ల జాబితా మీ దగ్గరే ఉండాలి. ఈ మూడూ కుదిరితే మిగతావన్నీ బేరంలో అటూ ఇటూ చేసుకోవచ్చు. ఇందులో ఒక్కటి కుదరకపోయినా మర్యాదగా వద్దనేయండి. అలాంటి సంస్థలు ఇంకో నాలుగున్నాయి.

నేను గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేస్తాను. జీఎస్టీకి ముందటి వ్యాట్ రోజుల నుంచి మొదలుపెట్టి తొమ్మిదేళ్లు మా సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను, ఆ తర్వాత కుర్రాళ్లకు అప్పజెప్పాను. ఆ తొమ్మిదేళ్లలో పద్నాలుగు సెమినార్లు పెట్టాం. సగం బయటి సంస్థలతో కలిసి, సగం సొంతంగా. కింద రాసేదంతా వాటిలో చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే.

ముందు మీకు వచ్చిన ఆఫర్నే లెక్క వేద్దాం. 60 మంది వచ్చారనుకోండి. 60 రెండువేలు 1,20,000. అందులో 20 శాతం అంటే మీకు 24,000. మీ ఖర్చు చూడండి. మీలాంటి ఊళ్లో ఏసీ హాలు 10,000 అనుకుందాం. ఉదయం టిఫిను, రెండుసార్లు టీ, మధ్యాహ్నం భోజనం కలిపి మనిషికి 400 చొప్పున 24,000. మైకు, ప్రొజెక్టరు, ఫ్లెక్సీ, పుస్తకాలు, పెన్నులు, స్పీకర్ గారికి శాలువా అన్నీ కలిపి 8,000. మొత్తం 42,000. అంటే హాలు నిండుగా ఉండి, ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చి, అందరూ చప్పట్లు కొట్టి వెళ్లిపోయాక మీ సంఘానికి 18,000 నష్టం.

ఇక 45 మందే వచ్చారనుకోండి. గ్యారంటీ ప్రకారం ఆ 15 సీట్ల డబ్బు మీరే కట్టాలి. 30,000, దాని మీద జీఎస్టీ 5,400. భోజనాల ఖర్చు కొంచెం తగ్గినా, 60 సీట్లకూ మీ 20 శాతం వచ్చినా, మొత్తం మీద 47,400 చేతి నుంచి పోతుంది. కావాలంటే వేసి చూసుకోండి. వాళ్లు 20 శాతం అన్నప్పుడు మీకు రాబడిలా వినిపించి ఉంటుంది, ఎందుకంటే వాటా వసూలు మీద చెప్పారు, ఖర్చు మాత్రం విడిగా మీ నెత్తిన పెట్టారు. వాళ్లు మోసం చేశారని అనను. ఆ ఆఫర్ సొంత భవనం, సొంత వంటవాడు ఉన్న పెద్ద సంఘాలకు సరిపోతుంది. మనలాంటి వాళ్లకు సరిపోదు, అంతే.

మేమూ ఒకసారి గ్యారంటీకి సంతకం పెట్టాం. 80 మంది, మనిషికి 1,200. మాఘమాసం అని ఎవరికీ తట్టలేదు. ఆ రోజు మా ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లో! పొద్దున పదింటికి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నేను, మా కోశాధికారి గేటు వైపు చూస్తూ కూర్చున్నాం. పదకొండుకి లెక్కపెడితే 47. తక్కువ పడింది 39,600. ఆరుగురం కార్యవర్గ సభ్యులం తలా 6,600 వేసుకుని కట్టాం. మా కోశాధికారి ఆ రసీదును ఇప్పటికీ బీరువా తలుపుకు లోపలి వైపు అంటించి ఉంచాడు. కొత్త కార్యవర్గం వచ్చినప్పుడల్లా తలుపు తెరిచి చూపిస్తాడు.

మరి ఎలా మాట్లాడుకోవాలి? నా ఓటు ఒకే మొత్తం పద్ధతికి. స్పీకర్ ఫీజు, ప్రయాణం, బస, మెటీరియల్ అన్నీ కలిపి ఒక అంకె చెప్పమనండి. ఉదాహరణకు 33,000. వాళ్లు ఇంకా పైనే మొదలుపెడతారు, బేరం ఆడండి. దాని మీద 18 శాతం జీఎస్టీ 5,940 వేసి సంఘం పేరు మీద బిల్లు ఇస్తారు. సభ్యుల దగ్గర వసూలు చేసుకునేది మీరు. ఇందులో చాలామంది గమనించని లాభం ఒకటుంది. వాళ్ల లింకు ద్వారా కడితే ఒక్కొక్కరికీ 2,000 మీద 360 జీఎస్టీ పడుతుంది, 60 మందికి 21,600. మీ సభ్యుల్లో ఎక్కువమంది ఏడాదికి 20 లక్షల లోపు వాళ్లే అయి ఉంటారు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండదు, ఆ 360ని కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు (క్రెడిట్) వాళ్లకు ఉండదు, ఖర్చు కిందే పోతుంది. సంఘం మొత్తం రాబడి కూడా 20 లక్షల లోపే ఉండి రిజిస్ట్రేషన్ లేకపోతే, మీరు వసూలు చేసే ఫీజు మీద జీఎస్టీ వేయాల్సిన పని లేదు. పన్ను పడేది ఆ 33,000 మీద ఒక్కసారే. మనం పన్నుల వాళ్లమై ఉండి ఇది మనకే తట్టకపోవడం సిగ్గుచేటు. మాకు నాలుగో సెమినార్ దాకా తట్టలేదు లెండి.

ఈ పద్ధతిలో ఎంతమంది వస్తే గట్టెక్కుతారు? మారని ఖర్చు: హాలు 10,000, చిల్లర 8,000, సంస్థ బిల్లు 38,940. మొత్తం 56,940. ఫీజు 2,000, మనిషి మీద భోజనం ఖర్చు 400 తీసేస్తే 1,600. భాగిస్తే 36 మంది. మీ సభ్యులే నలభై మంది, అందరూ రారు. కానీ చిలకలూరిపేట, సత్తెనపల్లి, వినుకొండ వాళ్లకు గుంటూరు వెళ్లడం కంటే మీ ఊరు రావడం సుఖం. పదిహేను మంది అటు నుంచి తేలిగ్గా వస్తారు.

సంస్థ వాళ్లు ఒకే మొత్తానికి ససేమిరా అంటే రెండో దారి: వసూలైన దాంట్లోంచి ముందు రెండు వైపుల ఖర్చులూ తీసేసి, మిగిలింది చెరిసగం. 60 మంది వస్తే 1,20,000లోంచి మీ 42,000, వాళ్ల స్పీకర్ ఖర్చు 33,000 పోను 45,000. తలా 22,500. తక్కువమంది వస్తే ఇద్దరికీ తగ్గుతుంది, కాబట్టి జనాన్ని తేవడానికి వాళ్లూ చెమటోడుస్తారు. ఈ పద్ధతికి కూడా ఒప్పుకోని సంస్థ, హాలు నిండుతుందో లేదో అన్న భయం మొత్తాన్ని మీ మీదికి నెట్టాలని చూస్తోందన్నమాట.

వసూలు గురించి ఇంకో మాట. దయచేసి కార్యదర్శి సొంత ఫోన్‌పే నంబర్ ఇవ్వకండి. మొదటి రెండేళ్లు మేము అదే చేశాం. నా ఖాతాలోకి వందలకొద్దీ జమలు వచ్చాయి, అవి నా ఆదాయం కాదని నేనే నాకు రుజువులు రాసిపెట్టుకోవాల్సి వచ్చింది. క్లయింట్‌కు ఇలా చేయొద్దని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన మనిషిని, నేనే చేశాను. సంఘాన్ని 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదు చేయించి, పాన్ తెచ్చి, బ్యాంకు ఖాతా తెరిచి, ఆ ఖాతా క్యూఆర్ కోడ్ పెట్టండి. ఇప్పటికింకా లేకపోతే ఈ సెమినార్ వంకతోనైనా ఆ పని పూర్తిచేయండి. అదే సంస్థతో ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండోసారి పెడితే టీడీఎస్ (చెల్లింపులోనే పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడం) కూడా చూసుకోవాలి. 33,000 ఒకసారికి పరిమితి లోపే. రెండుసార్లు కలిపి 66,000 అయితే 50,000 దాటుతుంది, వృత్తి సేవల కింద 10 శాతం కోయాలి, పన్ను కోసేవాళ్లకు ఇచ్చే టాన్ నంబరు ఉండాలి. పాత ఆదాయపన్ను చట్టంలో ఇది సెక్షన్ 194జె, కొత్త చట్టంలో సెక్షన్ 393 కిందికి వెళ్లింది. ఇక సంఘానికీ సభ్యులకూ మధ్య లావాదేవీ మీద జీఎస్టీ ఉండదనే పాత ధైర్యంతో ఉండకండి, ఆ లావాదేవీనీ పన్ను కిందికి తేవడానికే జీఎస్టీ చట్టంలో సెక్షన్ 7(1)(ఎఎ) తెచ్చారు. మిమ్మల్ని కాపాడేది 20 లక్షల పరిమితి మాత్రమే.

ఇప్పుడు జాబితా సంగతి. నాకు బాగా తగిలిన దెబ్బ ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

2018లో సరుకు రవాణాకు ముందు ఆన్‌లైన్లో తీసుకోవాల్సిన ఈ-వే బిల్లు వచ్చింది గుర్తుందా? రాష్ట్రాల మధ్య రవాణాకు ఏప్రిల్ 1 నుంచి, మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లోపల తిరిగే సరుకుకు ఏప్రిల్ 15 నుంచి. ఊళ్లో వ్యాపారులంతా హడలిపోయి ఉన్నారు. ఆ వారంలోనే మేము ఒక శిక్షణ సంస్థతో కలిసి సెమినార్ పెట్టి, మా సభ్యులతో పాటు వాళ్ల క్లయింట్లను కూడా పిలిచాం. రైస్ మిల్లుల వాళ్లు, లారీ బుకింగ్ ఆఫీసుల వాళ్లు, హార్డ్‌వేర్ షాపుల వాళ్లు. కుర్చీలు చాలక గోడ పక్కన నిలబడ్డారు. సంస్థ కుర్రాడు గేటు దగ్గర ట్యాబ్ పట్టుకుని పేరు, ఫోన్ నంబరు, షాపు పేరు, జీఎస్టీ నంబరు, "మీ రిటర్నులు ఎవరు వేస్తారు?" అన్నీ నింపించుకున్నాడు. ఆ చివరి ప్రశ్న ఎందుకని మాలో ఒక్కడూ అడగలేదు. హాలు నిండిన సంబరంలో ఉన్నాం.

నెల తిరగ్గానే ఫోన్లు మొదలయ్యాయి. వ్యాపారులకు. "మీ రిటర్నులు మేమే వేస్తాం, నెలకు ఇంతే." మా సభ్యుడు ఒకాయన, పెద్దాయన, ఆయన మిల్లు క్లయింటును వెంటబెట్టుకుని మా ఆఫీసుకి వచ్చి, ఆ క్లయింటు ఫోన్లో మెసేజీ చూపించి, "ఏమయ్యా, నా ఇంటికి నువ్వే దారి చూపించావు" అన్నాడు. ఒక్క మాటే. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన తర్వాత రెండేళ్లు మా మీటింగులకు రాలేదు. సంస్థకు ఫోన్ చేస్తే, "రిజిస్ట్రేషన్ ఫారంలో చిన్న అక్షరాల్లో ఉంది సార్" అన్నారు. ఉంది కూడా.

ఆ హాలుకు జనం వచ్చింది ఆ సంస్థ పేరు చూసి కాదు. పిలిచింది మేము కాబట్టి వచ్చారు. ఆ నమ్మకాన్నే వాళ్లు ట్యాబ్‌లో ఎక్కించుకుపోయారు. మీ సెమినార్‌లో కూడా సంస్థకు మీ దగ్గర కావాల్సిన అసలు సరుకు ఆ జాబితాయే అయి ఉండొచ్చు. హాలు అద్దె, భోజనం వాళ్లకు లెక్క కాదు.

కాబట్టి రిజిస్ట్రేషన్ మీ గూగుల్ ఫారంలోనే పెట్టండి. సంస్థకు సర్టిఫికెట్ల కోసం పేర్లు చాలు, అవి ఇవ్వండి. ఫోన్ నంబర్లు ఇవ్వొద్దు. వాళ్ల తర్వాతి కోర్సుల సమాచారం కావాలనుకునేవాళ్లు చివర్లో స్వయంగా వాళ్ల క్యూఆర్ కోడ్ కొట్టి చేరతారు, దానికి అభ్యంతరం పెట్టకండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఏ పని కోసం నంబరు తీసుకున్నారో ఆ పనికే వాడాలి అన్నది దాని సారం. ఫోన్లో ఆ చట్టం పేరు ఎత్తితే చాలు, అవతలి గొంతు మారుతుంది.

స్పీకర్ విషయం. ఫ్లెక్సీ మీద ఒక పేరు, మైకు ముందు ఇంకో మనిషి: ఇది ఈ వ్యాపారంలో పాత జబ్బు. 2022లో మాకు జరిగింది. పేరున్న స్పీకర్‌కు ఒంట్లో బాగాలేదని ఉదయం ఎనిమిదిన్నరకు ఫోన్. బదులుగా పాతికేళ్ల కుర్రాడు దిగాడు. మంచివాడే, పాపం. కానీ స్లైడ్లు ఎవరివో. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకోవడం) దగ్గరికి వచ్చేసరికి, జీఎస్టీ పోర్టల్లో కనిపించిన దాని మీద ఇంకో 5 శాతం అదనంగా తీసుకోవచ్చని తెర మీద పెద్ద అక్షరాలతో. జీఎస్టీ రూల్ 36(4)లో ఆ అదనం మొదట 20, తర్వాత 10, ఆ తర్వాత 5 అయ్యి, 2022 జనవరి 1 నుంచి పూర్తిగా పోయింది. వెనక వరుస నుంచి ఒక సీనియర్ లేచి, "బాబూ, ఆ స్లైడు మీద తేదీ ఎంత?" అన్నారు. కుర్రాడు వెనక్కి తిరిగి తెర వైపు చూశాడు. హాలంతా నవ్వారు. అక్కడి నుంచి సాయంత్రం దాకా అతను ఏం చెప్పినా ఎవరూ రాసుకోలేదు.

అప్పటి నుంచి మేము స్పీకర్‌తో పది నిమిషాలు ఫోన్లో నేరుగా మాట్లాడకుండా తేదీ ఖాయం చేయలేదు. సంస్థ మేనేజర్‌తో కాదు, చెప్పబోయే మనిషితో. మీ అంశానికి నేనైతే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఒకటి: 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయానికి 2026లో వేసే రిటర్ను ఏ చట్టం కింద? కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా, ఆ ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది. "పాత చట్టం ఇక మరిచిపోవచ్చు సార్" అనే స్పీకర్ మీకు వద్దు. రెండు: 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా, సరుకు అంతకు ముందే పంపి, బిల్లు ఆ తర్వాత రాస్తే ఏ రేటు? దీనికి వెంటనే ఒక రేటు చెప్పేస్తే నమ్మకండి. "డబ్బు ఎప్పుడు అందింది?" అని ఎదురు అడిగితే రేటు మారినప్పుడు ఏది వర్తిస్తుందో చెప్పే జీఎస్టీ చట్టం సెక్షన్ 14 ఆయనకు తెలుసు. ఆ పది నిమిషాల్లోనే తెలుగు ఎలా ఉందో కూడా తేలిపోతుంది. స్లైడ్లు ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు, సెక్షన్ల పేర్లు మనకు అలాగే అలవాటు. మాట మాత్రం తెలుగులో నడవాలి. ఇంగ్లీషులో చెప్తే మనవాళ్లు తల ఊపుతారు, ప్రశ్న అడగరు.

ప్రశ్నలు కూడా ముందే పోగు చేయండి. రెండు వారాల ముందు వాట్సాప్ గ్రూపులో, ఈ మధ్య మీకు వచ్చిన నోటీసుల్లో ఇబ్బంది పెట్టినది ఏదో రాయమనండి. పేర్లు తీసేసి స్పీకర్‌కు పంపండి. పల్నాడులో పత్తి, మిర్చి, సున్నపురాయి, నాపరాళ్లు. హైదరాబాద్ స్లైడ్లలో సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉదాహరణలే ఉంటాయి. జిన్నింగ్ మిల్లు లెక్క ఒక్కటి తెర మీద పడితే హాలులో కునుకు తీసేవాడు కూడా లేచి కూర్చుంటాడు.

తేదీ దగ్గర చాలామంది పడే గోతి రెండో శనివారం. బ్యాంకులకు సెలవు, మనకూ ఖాళీ అనిపిస్తుంది. కానీ రెండో శనివారం ఎప్పుడూ 8 నుంచి 14 లోపే పడుతుంది. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11, మూడు నెలలకోసారి రిటర్ను వేసే త్రైమాసికం వాళ్లు అమ్మకాల బిల్లులు ఎక్కించే ఐఎఫ్ఎఫ్ గడువు 13. సభ్యులు హాల్లో కూర్చుని ఫోన్లో ఓటీపీలు చెప్పుకుంటూ ఉంటారు. నాలుగో శనివారం మేలు, అది 22 నుంచి 28 లోపు. అప్పటికి 20వ తేదీ గడువున్న నెలవారీ పన్ను రిటర్ను 3బి అయిపోతుంది, మన రాష్ట్రాల త్రైమాసికం వాళ్ల 22 కూడా దాదాపు అయిపోతుంది. 25న త్రైమాసికం వాళ్ల పన్ను చలాన్ ఉన్నా అది పది నిమిషాల పని. జూలై, సెప్టెంబరు, అక్టోబరు నెలలు అసలు తలపెట్టొద్దు. ఆ మూడు నెలలూ మన భార్యాబిడ్డలకే మనం కనిపించం. పంచాంగం కూడా చూడండి. మూఢం రోజుల్లో ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి, బేరం ఆడితే అద్దె సగానికి దిగుతుంది. మాఘం పాఠం మాది పైన చెప్పాను.

సర్టిఫికెట్లు ఇస్తామంటారు. ఇవ్వనివ్వండి, గోడకు బాగుంటుంది. కానీ దాని మీద ఏం రాస్తారో ముందే చూడండి. మీ గుంపులో చార్టర్డ్ అకౌంటెంట్లు ఉంటే వాళ్లకు కావాల్సింది సీపీఈ గంటలు, అంటే వృత్తిలో ఉంటూ పూర్తిచేయాల్సిన శిక్షణ గంటలు. అవి చార్టర్డ్ అకౌంటెంట్ల జాతీయ సంస్థ ఐసీఏఐ గుర్తించిన నిర్వాహక యూనిట్ల ద్వారా, అంటే బ్రాంచీలు, స్టడీ సర్కిళ్ల లాంటి వాటి ద్వారా మాత్రమే వస్తాయి. ప్రైవేటు శిక్షణ సంస్థ తనంతట తాను ఇవ్వలేదు. ఫోన్లో "సీపీఈ ఉంటుంది సార్" అంటే, ఏ యూనిట్ ద్వారా అని అడగండి. అలాగే "సర్టిఫైడ్ జీఎస్టీ ప్రాక్టీషనర్" అని అచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు. జీఎస్టీ ప్రాక్టీషనర్ కావడమంటే పీసీటీ-01 ఫారంలో దరఖాస్తు పెట్టుకుని నమోదు సర్టిఫికెట్ పీసీటీ-02 తెచ్చుకోవడం, ప్రభుత్వ పన్నుల శిక్షణ అకాడమీ నాసిన్ పెట్టే పరీక్ష రాయడం. ఒక రోజు భోజనం చేసి వెళ్తే వచ్చేది కాదు. ఆ కాగితాన్ని ఎవరో కుర్రాడు షాపు ముందు వేలాడదీస్తే మాట పడేది పిలిచిన సంఘానికి. "ఫలానా తేదీన ఫలానా అంశంపై జరిగిన సెమినార్‌కు హాజరయ్యారు" అంటే చాలు.

ఉచిత సెమినార్ల గురించి మీరు అడగలేదు, కానీ ఒకరు వచ్చాక రెండోవాళ్లు ఎలాగూ వస్తారు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు భోజనాలతో సహా మొత్తం మేమే పెడతామంటారు. వాళ్లను పూర్తిగా కాదనను. మేము పెట్టిన నియమం: డెమో ఇరవై నిమిషాలు, మధ్యాహ్న భోజనానికి సరిగ్గా ముందు. ఆకలి వేళ ఏ అమ్మకందారూ ఇరవై ఒకటో నిమిషం మాట్లాడలేడు, జనమే లేచి వెళ్లిపోతారు.

అన్నట్టు భోజనం. మా గోదావరి వైపు భోజనం బాగాలేకపోతే సెమినార్ బాగాలేనట్టే. మీ వైపు ఎలాగో మీకే తెలుసు. నా సలహా ఒక్కటే, స్వీటు ఒకటి తగ్గించినా ఫర్వాలేదు, క్యాటరింగ్ వాడికి సంఖ్య మాత్రం ముందురోజు సాయంత్రం చెప్పండి, వారం ముందు కాదు. భోజనం తర్వాతి సెషన్లో ఉపన్యాసం పెట్టకండి. ఎవరూ వినరు. ల్యాప్‌టాప్ మీద చేతులు ఆడించే పని పెట్టండి: పోర్టల్ చూపించే క్రెడిట్ జాబితా 2బి దింపి ఎక్సెల్‌లో కొనుగోళ్లతో సరిపోల్చడం లాంటిది. దానికి పోర్టల్‌ను నమ్ముకోవద్దు. ఒకసారి ముప్ఫై మందిమి ఒకే హాట్‌స్పాట్ మీద పడ్డాం, పోర్టల్ తెరుచుకోలేదు, ఆపైన కరెంటు పోయింది. జనరేటరు హాలుకే కానీ ప్రొజెక్టరు ప్లగ్గుకు లేదని అప్పుడు తెలిసింది. నమూనా ఎక్సెల్ ఫైళ్లు ముందురోజే వాట్సాప్‌లో పంపితే నెట్‌తో పని ఉండదు. హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు మేనేజర్ చేత జనరేటరు వేయించి ఆ ప్లగ్గు పరీక్షించండి.

ఒప్పందానికి లాయరు అక్కర్లేదు, ఒక మెయిల్ చాలు. మీరు రాయండి, వాళ్ల చేత "ఒప్పుకున్నాం" అని జవాబు తెప్పించుకోండి. అందులో ఇవి ఉండాలి: తేదీ, సమయం, స్పీకర్ పేరు; స్పీకర్ మారితే మూడు రోజుల ముందు చెప్పి మీ అంగీకారం తీసుకోవాలి, చివరి క్షణంలో మారితే మొత్తంలో సగమే; స్లైడ్లు రెండు రోజుల ముందు మీకు రావాలి; వీడియో తీస్తే మీ అనుమతి లేకుండా అమ్మకూడదు; నంబర్ల జాబితా సంఘానిదే; మొత్తం అంకె, అందులో ఏమేం కలిసి ఉన్నాయి; మిగతా డబ్బు ఎన్ని రోజుల్లో. వీడియో మాట తేలిగ్గా తీసుకోకండి. మీ సభ్యుడు లేచి తన క్లయింటు నోటీసు గురించి చెప్పింది ఎక్కడో యూట్యూబ్‌లో తేలితే ఆ తర్వాత హాల్లో ఎవరూ నోరు తెరవరు.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. ఈ సంస్థతో మాట్లాడే ముందు గుంటూరు, విజయవాడల్లో మీకు తెలిసిన సీనియర్లలో ఎవరైనా వస్తారేమో అడిగి చూడండి. గుంటూరు మీకు గంటన్నర దారి కూడా కాదు. మేము సొంతంగా పెట్టిన వాటిలో సగం ఇలాంటివే. కారు, భోజనం, శాలువా, కొద్దిపాటి గౌరవ వేతనం. ఒక్కోసారి చెప్పేది తడబడుతుంది, స్లైడ్లు అందంగా ఉండవు. కానీ మరుసటి వారం సందేహం వస్తే ఫోన్ ఎత్తుతారు. శిక్షణ సంస్థ స్పీకర్ ఎత్తడు. మరి సంస్థ ఎందుకు అంటే, పూర్తిగా కొత్త చట్టం లాంటివి వచ్చినప్పుడు. 536 సెక్షన్లు, పాత నంబర్లన్నీ మారాయి, అసెస్‌మెంట్ ఇయర్ పోయి టాక్స్ ఇయర్ వచ్చింది. పాత సెక్షన్‌కు కొత్త సెక్షన్ ఏదో చూపించే పట్టికలు, మెటీరియల్ పద్ధతిగా తయారు చేయడానికి మన సీనియర్లకు తీరిక ఉండదు. ఈ అంశానికి సంస్థను పిలవడం సబబే.

అడ్వాన్స్ ఎంత అడుగుతున్నారో మీరు రాయలేదు. మేము ఎప్పుడూ మూడో వంతుకు మించి ఇవ్వలేదు, అదీ స్పీకర్‌తో ఫోన్లో మాట్లాడాక, సంస్థ బ్యాంకు ఖాతాకే, వాళ్ల జీఎస్టీ నంబరు పోర్టల్లో కొట్టి "యాక్టివ్" అని చూసుకున్నాక. ఆ నంబరు కొట్టడానికి అర నిమిషం పడుతుంది. ఈ రాత్రికే కొట్టి చూడండి, సస్పెండ్ అయి ఉంటే ఇంత చదవాల్సిన అవసరం మీకు ఉండేది కాదు.